ఒక్కో ప్రశ్న సులువైతే పేపరంతా సులువేనా? ఫాలసీ ఆఫ్ కంపోజిషన్‌పై సందేహం

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
పోటీ పరీక్షల రీజనింగ్‌లో వచ్చే తర్కదోషాల్లో ఫాలసీ ఆఫ్ కంపోజిషన్‌కీ హేస్టీ జనరలైజేషన్‌కీ తేడా దొరకట్లేదు. రెండిట్లోనూ కొన్నిటిని చూసి అన్నిటికీ అంటగట్టడమే కదా? ఇంకోటి. "ఇటుకలన్నీ తేలిక, కాబట్టి గోడ తేలిక" తప్పట. "ఇటుకలన్నీ ఎర్రన, కాబట్టి గోడ ఎర్రన" తప్పు కాదట. రూపం ఒకటే కదండీ?

తర్కం_మాస్టారు:
కొన్నిటిని చూసి అన్నిటికీ అనడం హేస్టీ జనరలైజేషన్ మాత్రమే. "కోఠీలో మూడు షాపుల్లో ధర ఎక్కువ, కాబట్టి అన్ని షాపుల్లోనూ ఎక్కువే." ఇక్కడ చూసినవి చాలలేదు, ముగింపు కూడా విడివిడి షాపుల గురించే.

కంపోజిషన్‌లో ఆ కొరత ఉండదు. ప్రతి భాగాన్నీ చూశాం, చెప్పింది నిజమే. తప్పు జరిగేది భాగాల నుంచి మొత్తానికి దూకినప్పుడు. గ్రూప్-2 పేపరే తీసుకోండి: 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రతి ప్రశ్నా నిమిషంన్నరలో తేలిపోయేదే అనుకుందాం. విడిగా అన్నీ సులువే. మొత్తానికి మాత్రం 225 నిమిషాలు కావాలి. ఆ వేగంతో వెళ్తే వందో ప్రశ్న దగ్గరే బెల్ కొడతారు.

టంకం_916:
ఇటుకల సంగతి నేను చెప్తాను. రూపం చూసి తేల్చలేం, గుణాన్ని చూడాలి. ఆ గుణం లెక్క పెరిగితే మారుతుందా? అమరిక మారితే మారుతుందా? రెండిటికీ కాదు అని వస్తేనే మొత్తానికి అంటగట్టొచ్చు. బరువు లెక్కతో పెరుగుతుంది. అపార్ట్‌మెంట్ లిఫ్టులో "8 మంది, 544 కిలోలు" అని రాసుంటుంది. 65 కిలోల మనిషి ఎవరైనా అందులో ఎక్కొచ్చు, పదిమంది కలిసి ఎక్కితే 650. రంగు అలా కాదు. ప్లాస్టరింగ్ చెయ్యనంతవరకు గోడ ఎర్రగానే కనిపిస్తుంది.

ఒక మెలిక ఉంది. "గొలుసులో ప్రతి గుండూ 22 క్యారెట్లే, కాబట్టి గొలుసంతా 22 క్యారెట్లే" అన్నారనుకోండి. తక్కువ మచ్చు (స్వచ్ఛత) ఉన్న టంకంతో అతికి ఉంటే కరిగించినప్పుడు 916, అంటే 22 క్యారెట్ల మచ్చు, రాదు. చాలామంది దీన్ని కంపోజిషన్ అని గుర్తు పెడతారు, నేను ఒప్పుకోను. టంకం కూడా గొలుసులో భాగమే, దాన్ని లెక్కలోంచి వదిలేశారు. ఇక్కడ లోపం ఆధారంలో ఉంది, దూకడంలో కాదు.

తర్కం_మాస్టారు:
టంకం విషయం బాగా పట్టారు. తెలుగులో ఇంకో ఉచ్చు "అందరూ" అనే మాట. "ఐదుగురూ ఆ బస్తా ఎత్తగలరు" అంటే ఎవరికి వారేనా, అంతా కలిసా? ఇంగ్లీషు ప్రశ్నల్లో 'ఆల్' ఇదే పని చేస్తుంది. స్టేట్‌మెంట్‌లో "ఒక్కొక్కరూ" అనో, "అంతా కలిసి" అనో పెట్టి చదవండి. ఆధారానికి మొదటిది, ముగింపుకి రెండోది సరిపోతే కంపోజిషన్‌ని అనుమానించండి. 1948లో దేవుడున్నాడా అనే బీబీసీ చర్చలో తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్, దేవుడున్నాడని వాదించిన క్రైస్తవ మతగురువు కాపుల్‌స్టన్‌కి పెట్టిన అభ్యంతరం ఇదే: ప్రతి మనిషికీ తల్లి ఉందని మానవజాతికి ఒక తల్లి ఉండాలని లేదు.

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
ఇది కూడా కంపోజిషనేనా? "పక్కింటాయన బోరు లోతుగా దించితే నీళ్లు పడ్డాయి, కాలనీ అంతా దించితే అందరికీ పడతాయి."

టంకం_916:
ఆయన ఒక్కడిని చూసి అంటే ముందు జనరలైజేషన్. "ఎవరు దించినా పడతాయి" అన్నది నిజమైనా సరే, అందరూ ఒకేసారి దించితే కంపోజిషన్. ఒక బోరు తోడుతుంటే చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది. బోర్లు దగ్గరగా ఉంటే ఆ గరాటులు ఒకదానిలోకి ఒకటి దిగి, అందరి మట్టమూ పడిపోతుంది. ఆప్షన్లలో రెండూ ఉంటే ఆధారంలో "ఒకాయన" ఉందా, "ప్రతి ఒక్కరూ" ఉందా చూసి పెట్టండి.