భజనలో కాగితం, స్టాండు, లైటు: ఉండాలా, తీసేయాలా?

పర్లాకిమిడి హార్మోనియం:
మా వీధి రామాలయంలో ఇరవై మందిమి భజన చేస్తాం. పెద్దవాళ్లకి కీర్తనలన్నీ నోటికి వచ్చు. పిల్లలవి ఒడియా మీడియం చదువులు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకే తెలుగు కీర్తనని ఒడియా అక్షరాల్లో రాసుకుని చూసి పాడతారు. పోయిన శ్రీరామనవమికి వాళ్ల కోసం నాలుగు మడత స్టాండ్లు, క్లిప్పు లైట్లు కొన్నాం. రెండో రాత్రి గాలికి రెండు స్టాండ్లు పడ్డాయి, ఒకటి సరిగ్గా మృదంగం మీదే. అప్పట్నుంచి కమిటీలో ఒకటే మాట: "భజనకి కాగితమేమిటి, అవన్నీ తీసేయండి." నాకు తీసేయాలని లేదు. మీరేమంటారు?

బరంపురం వయొలిన్:
తీసేయడమే మంచిది అన్నయ్యా. కన్ను కాగితం మీద ఉంటే చెవి పక్కవాడి మీద ఉండదు. భజన అంటే ఒకరు అందించడం, మిగతావాళ్లు అందుకోవడం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు బాగా తక్కువ. అయినా 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. చూపు లేక విద్య ఆగలేదు కదా. పిల్లలకి కాగితం ఇచ్చామంటే వాళ్లు ఎప్పటికీ నోటికి నేర్చుకోరు.

గుణుపూర్ టీచరు:
తమ్ముడూ, ద్వారం వారి సాధన ఎంత, మన పిల్లలు వారానికి వచ్చే ఒక్క గంట ఎంత? నా దగ్గరికి వచ్చే పాప ఒకతె "ళ" దగ్గర తడబడేది. ఒడియాలో ఆ అక్షరం ఉంది, రాసి చూపించాక పలుకు తిన్నగా వచ్చింది. ఆ కాగితం లాక్కుంటే ఆ పిల్ల భజనకే రావడం మానేస్తుంది. ఇది నేను గట్టిగానే చెప్తున్నాను.

పడిపోయినందుకు తప్పు కాగితానిది కాదు, స్టాండుది. మీరంతా కింద కూర్చుని పాడతారు. నిలబడి వాయించేవాళ్ల కోసం చేసిన సన్నకాళ్ల స్టాండు మీకెందుకు? మన ఇళ్లలో రామాయణ పారాయణకి వాడే వ్యాసపీఠం లేదా? చెక్కది, నేలకి దగ్గరగా ఉంటుంది, గాలికి కదలదు. ముఖానికి అడ్డు రాదు, పిల్లలు పెద్దవాళ్ల నోటి కదలిక చూస్తూనే ఉంటారు. మృదంగం ఎలా ఉంది ఇప్పుడు?

జయపురం మైకుసెట్టు:
అక్క చెప్పిన వ్యాసపీఠానికే నా ఓటు. నిలబడి పాడేవాళ్లుంటే మాత్రం మడత స్టాండు తప్పదు. అప్పుడు మూడు కాళ్లనీ పూర్తిగా విప్పి, ఒక కాలు కాగితం పెట్టే పలక వాలిన వైపుకి పెట్టండి, బరువు ఆ కాలు మీద పడుతుంది. పలకని గడ్డం కంటే కిందికి దించండి. రేకు పలక మైకు ముందు నిటారుగా ఉంటే గొంతు దానికి తగిలి తిరిగి మైకులోకే వస్తుంది, డబ్బాలో పాడినట్టు వినిపిస్తుంది. పలక మీద ఒక తువ్వాలు పరిచినా చాలా తేడా వస్తుంది.

ఇక లైటు. తెల్లగా, నీలంగా ఉండే ఎల్ఈడీ వద్దు. దానికి పురుగులు ముసురుతాయి, పాడేటప్పుడు నోట్లోకే వస్తాయి. లైటు రంగుని చెప్పే కెల్విన్ అంకె 3000 లోపు ఉన్న పసుపు లైటుకి తక్కువ వస్తాయి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. లైటు పడితే కవరు అద్దంలా మెరుస్తుంది, సరిగ్గా పల్లవి ఉన్నచోట అక్షరాలు కనిపించవు. అక్షరాలు పెద్దవిగా రాసి, మందపాటి అట్టకి అంటించండి. ఇంకో సంగతి: కరెంటు పోతే అని పవర్‌ బ్యాంక్‌ పెడతారు. చిన్న లైటు తీసుకునే కరెంటు మరీ తక్కువైతే కొన్ని పవర్‌ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. కొనే ముందు గంటసేపు వెలిగించి చూడండి.

రాయగడ తాళాలు:
పిల్లల గురించే మాట్లాడుతున్నారు, మా వయసు వాళ్ల సంగతీ చూడండి. నాకు యాభై ఆరు. చత్వారం అద్దాలు చేతిలో పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే దాదాపు 40 సెంటీమీటర్లకి రాస్తారు. స్టాండు మీద కాగితం 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. లైటు సరిపోలేదనుకుని ఇంకోటి తగిలించాను, తలనొప్పే మిగిలింది. టేపుతో దూరం కొలిచి కంటి డాక్టరుగారికి చెప్పాను, ఆ దూరానికి వేరే అద్దాలు రాశారు. ఇప్పుడు ఒక్క లైటు చాలు.

బరంపురం వయొలిన్:
అక్కా, "ళ" సంగతికి నా దగ్గర జవాబు లేదు. మా అబ్బాయీ ఒడియాలోనే రాసుకుంటాడు. కానీ ఒక్క మాట వినండి. పల్లవి మాత్రం కాగితం లేకుండా పాడించండి. అది పదిసార్లు తిరిగి వస్తుంది, ఎవరికైనా నోటికి వచ్చేస్తుంది. చరణాలకి చూసుకోనివ్వండి.

పర్లాకిమిడి హార్మోనియం:
పల్లవి మాట కమిటీ కూడా ఒప్పుకుంటుందనే నా నమ్మకం. మృదంగానికి కుడివైపు తోలు మూత మార్పించాం అక్కా, ఇప్పుడు బాగానే మోగుతోంది. మా అమ్మ వ్యాసపీఠం అటక మీద ఉంది, ఇవాళే దించి తుడిచాను. ఒక కీలు వదులైంది, వడ్రంగికి ఇచ్చాను. దాని కొలతలకే ఇంకో మూడు చెయ్యమన్నాను.