నీడ పెరట్లో హోస్టా వేస్తే నిలుస్తుందా? (న్యూజెర్సీ)

ప్లెయిన్స్‌బరో నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారమండీ. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వెనక పెరడు ఉత్తరం వైపు, పైగా రెండు పెద్ద మేపుల్ చెట్లు. గోంగూర, బెండ గింజలు వేస్తే జానెడు లేచి పాలిపోయాయి. పక్కింటావిడ "హోస్టా వేసుకో, చంపుదామన్నా చావదు" అంటోంది. హోస్టా అంటే నీడలో వెడల్పాటి ఆకులతో గుబురుగా పెరిగే మొక్కట. మొక్కలు పెట్టుకోవడానికి ఓనర్ సరేనన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి ఉంది. ఆవిడ ప్రశ్న ఒక్కటే, ఆ పూలు దేవుడికి పనికొస్తాయా అని.

ఈస్ట్ విండ్సర్ నుంచి, జవాబు:

చెల్లీ, ముందు గోంగూర సంగతి తేల్చేద్దాం. దానికి రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాల్సిందే. వచ్చే మే నెలాఖరున డ్రైవ్‌వే పక్కన పెద్ద కుండీల్లో వేసుకో. వెనక పెరడు హోస్టాకి వదిలెయ్.

పక్కింటావిడ చెప్పింది అబద్ధం కాదు. మన చలికి హోస్టా చావదు, నీడకీ చావదు. కానీ జింకలున్నాయి కదా, ఆ ముక్క ఎందుకు మింగేసిందో! ఏ మొక్కను జింకలు ఎంతగా తింటాయో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు ఓ జాబితా వేశారు. అందులో హోస్టా అన్నిటికంటే కింది తరగతిలో, అంటే తరచుగా, తీవ్రంగా దెబ్బతినే వాటిలో ఉంది. సాయంత్రం నిండుగా ఉన్న మడిలో తెల్లారేసరికి ఉత్త కాడలు మిగులుతాయి. కాబట్టి పైసా ఖర్చు పెట్టకముందే మీ పెరట్లోకి జింకలు వస్తున్నాయో లేదో చూసుకో. చీలిన గిట్టల ముద్రలు, నల్లటి పెంటికలు కనబడితే వస్తున్నట్టే. కొరికిన ఆకును చూసినా తెలుస్తుంది. జింకకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు, అందుకని పీకి చింపుతుంది, అంచు పీలికలుగా ఉంటుంది. కుందేలైతే కత్తెర పెట్టినట్టు నున్నగా, ఏటవాలుగా తెంపుతుంది.

చిన్న పెరడై, చుట్టూ ఆరడుగుల చెక్క కంచె ఉంటే చాలావరకు ఇబ్బంది లేదు. లోపల ఏముందో కనబడకపోతే దూకడానికి జంకుతాయి. కంచె లేకపోతే కుళ్ళిన గుడ్ల వాసనొచ్చే స్ప్రేలున్నాయి. ఏప్రిల్‌లో మొనలు లేచిన నాటి నుంచి కొట్టాలి, గట్టి వాన పడ్డాక మళ్ళీ కొట్టాలి, కొత్త ఆకు విచ్చాక మళ్ళీ కొట్టాలి. ఆ ఓపిక లేదంటావా, హోస్టా మానేసి క్రిస్మస్ ఫెర్న్, హెల్లెబోర్ వేసుకో. వాటి జోలికి జింకలు అంతగా రావు. మనసుపడిన మొక్కను జింకలకి మేతగా పెట్టడం కంటే అదే నయం.

ఇక మేపుల్ వేళ్ళు. నీడ కంటే ఇవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పైపైనే పాకి ఉన్న నీళ్ళన్నీ లాగేస్తాయి. ఓ మోస్తరు వాన పడ్డాక చెట్టు కింద మట్టిలో వేలు గుచ్చి చూడు, చాలాసార్లు పొడిగానే ఉంటుంది, వాన ఆకుల మీదే ఆగిపోతుంది. మానుకు నాలుగైదు అడుగుల ఎడంగా, లావు వేళ్ళ మధ్య ఖాళీ వెతుక్కుని గుంత తియ్. సన్న వేళ్ళు తెగితే ఫరవాలేదు, లావువి నరకొద్దు. వేళ్ళ మీద కొత్త మట్టి ఎత్తుగా పోసి మడి కట్టేద్దామని అసలు అనుకోవద్దు, చెట్టుకే చేటు. గుంత లోతు కంటే వెడల్పు ముఖ్యం. తవ్విన మట్టిలో చివికిన ఆకు కంపోస్టు కలుపు. కుదురు నేలమట్టానికి సరిగ్గా ఉండాలి. మల్చ్, అంటే మట్టి మీద పరిచే చెక్క పొట్టు, రెండంగుళాలు చాలు, అదీ కుదురుకి తగలకుండా, లేకపోతే కుళ్ళుతుంది. వారానికి అంగుళం నీరు లెక్క, వాన లేని వారం నువ్వే పొయ్యాలి.

తవ్వకముందు 811కి ఫోన్ చెయ్యి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. అద్దె ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

నిజం చెప్పాలంటే, మేపుల్ కింద, అదీ అద్దె ఇంట్లో, నేనైతే కుండీల్లోనే వేస్తా. హోస్టా కుండీలో హాయిగా బతుకుతుంది, ఇల్లు మారితే కారులో పెట్టుకుని పోవచ్చు. చలికాలంలో హీటింగ్ లేని గ్యారేజీలో పెట్టు. ఇంట్లోకి మాత్రం తేవద్దు, దానికి చలి కావాలి.

సెప్టెంబరు మంచి అదను. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, మంచు పడేలోపు వేరు పట్టుకుంటుంది. నర్సరీల్లో ధరలు కూడా తగ్గించేస్తారు.

ఎడిసన్ నుంచి:

అమ్మాయ్, పైన అన్నీ బాగా చెప్పారు. నీడలో చేతులు పెట్టేముందు రెండు జాగ్రత్తలు. మూడేసి ఆకుల గుత్తితో, చెట్టు మొదట్లో పాకే పాయిజన్ ఐవీని ఒట్టి చేత్తో పీకొద్దు. ఒళ్ళంతా బొబ్బలెక్కి రెండు మూడు వారాలు వదలదు. ఎండిన తీగ కూడా అంతే, తగలబెట్టారంటే ఆ పొగ ఊపిరితిత్తులకి ప్రమాదం. రెండోది టిక్స్, అంటే పిడుదులు. అవి కరిస్తే వచ్చే లైమ్ జబ్బు న్యూజెర్సీలో మామూలే. పని అయ్యాక మోకాళ్ళ వెనక, చంకల్లో, పిల్లల జుట్టులో చూసుకోండి. మనవాళ్ళు షార్ట్స్ వేసుకుని చెప్పుల్తో దిగిపోతారు, అది మానాలి.

ప్లెయిన్స్‌బరో నుంచి:

చాలా థాంక్సండీ. పెంటికలు ఉన్నాయి! కుండీలే నయమనిపిస్తోంది, స్ప్రే కూడా తెస్తాను. ఏ రకాలు కొనాలి? అమ్మ ఒక పిలకను మా రాజమండ్రి పక్కన కడియం ఊరికి తీసుకెళ్ళి అక్కడి నర్సరీ వాళ్ళకి ఇస్తానంటోంది.

మినియాపొలిస్ నుంచి:

కడియం మాట మరిచిపోమనండి. హోస్టా చలికాలమంతా నిద్రపోవాలి. నాలుగైదు డిగ్రీల సెల్సియస్ లోపు చలి వారాల తరబడి తగిలితేనే మళ్ళీ సరిగ్గా లేస్తుంది. గోదావరి ఒడ్డున ఆ చలి ఎక్కడిది? పైగా పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా సామాన్లో మొక్కలు తీసుకెళ్ళకూడదు.

రకాలంటే, నీలం ఆకులవి నీడలోనే అందం. ఆ నీలం నిజానికి ఆకు మీది మైనం పొడి. వేలితో రుద్దితే కింద మామూలు పచ్చదనం బయటపడుతుంది. ఎండ ఎక్కువైతే అదే కరిగిపోతుంది. 'హాల్సియన్' బాగుంటుంది. చిన్న కుండీకి 'బ్లూ మౌస్ ఇయర్స్', 2008లో హోస్టా ఆఫ్ ది ఇయర్. ఆకు మందం కాబట్టి దాన్ని స్లగ్స్ అంతగా ముట్టవు. స్లగ్స్ అంటే గుల్ల లేని నత్తలు, రాత్రిపూట వచ్చి ఆకు మధ్యలో బెజ్జాలు చేస్తాయి. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లండి. మీకు కుక్క గానీ పిల్లి గానీ ఉంటే హోస్టా ఆకు నమలనివ్వొద్దు, వాంతులవుతాయి.

అమ్మగారి ప్రశ్నకి: చాలా హోస్టా పూలకి వాసన ఉండదు. చైనా నుంచి వచ్చిన ప్లాంటాజినియా అనే హోస్టా మాత్రం అలా కాదు. తెల్లగా, పొడుగ్గా, మంచి పరిమళం. ఆగస్టులో పూస్తుంది, అదీ సాయంత్రం దీపం పెట్టే వేళకి విచ్చుకుంటుంది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టులో పడిన ఏడు మా అత్తగారు ఇవే పెడతారు. కాకపోతే దానికి కాస్త ఎండ కావాలి, పొద్దుటి ఎండ తగిలేచోట పెట్టండి.

కొనేటప్పుడు ఆకు ఈనెల వెంబడి రంగు పాకినట్టున్నా, మచ్చలు మచ్చలుగా ముడతలు పడినా ఎంత చవకైనా వద్దు. అది హోస్టా వైరస్ ఎక్స్ కావచ్చు. 1996లో మా మినెసోటా యూనివర్సిటీ వాళ్ళే గుర్తించారు. మందు లేదు, మొక్కను పీకి చెత్తలో పారెయ్యాల్సిందే. కత్తికి అంటిన రసంతోనే పక్క మొక్కకి పాకుతుంది, అందుకని ఒక్కో కుదురుకీ కత్తి కడుక్కోవాలి.

ఎడిసన్ నుంచి:

ఇంతకీ పప్పులో వేసుకోవచ్చా? ఆకుకూరలా ఉంది చూస్తే :)

మినియాపొలిస్ నుంచి:

నవ్వకండి, జపాన్‌లో వసంతంలో లేత మొనలు 'ఉరుయి' పేరుతో కూరగా తింటారు. కానీ అక్కడే అడవిలో దాన్ని పోలిన విషపు మొక్కను పొరపాటున వండుకుని ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు. ఇక్కడ నీడ పెరళ్ళలో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ ఉంటుంది, అదీ విషమే, లేతగా ఉన్నప్పుడు తేడా పట్టడం కష్టం. నర్సరీ మొక్కలకి ఏ మందు కొట్టారో కూడా చూసుకోవాలి. మీరు పప్పులోకి తోటకూరే కొనుక్కోండి.

ఈస్ట్ విండ్సర్ నుంచి:

చెల్లీ, నవంబరుకి ఆకులన్నీ మెత్తబడి పడిపోతాయి, కుండీ ఖాళీగా కనబడుతుంది. చచ్చిందనుకుని పారెయ్యకు. మా ప్లాంటాజినియా కుదురు పెద్దదైంది, ఏప్రిల్ చివర్లో మొనలు కనబడగానే విడదీస్తా. మీ అమ్మగారు అప్పటికి ఇక్కడే ఉంటే తీసుకురా. ఓ బకెట్టు, పాత బెడ్‌షీటు తెచ్చుకో. మే మొదటి వారంలో ఒక్కోసారి మంచు పడుతుంది, ఆ రాత్రికి కప్పాలి.