అప్‌డేట్: బిడ్డ మెదడులో నీటి బుడగ అని అడిగాను కదా

19వ వారం టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్) బిడ్డ మెదడులో చిన్న నీటి బుడగ ఉందన్నారని, ఏం చేయాలో తోచడం లేదని అప్పుడు అడిగాను. ధైర్యం చెప్పిన అక్కలందరికీ ముందు ఈ మాట: నిన్న 28వ వారం స్కాన్ అయింది. బుడగ లేదు!

ఈ తొమ్మిది వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. మొదట స్కాన్ చేసినచోట రిపోర్టు చేతిలో పెట్టి పంపేశారు, ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రాత్రి ఆయనా నేనూ ఆర్కే బీచ్‌లో మాట్లాడుకోకుండా కూర్చున్నాం.

తర్వాత వైజాగ్‌లోనే ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డకు సంబంధించిన వైద్యం) డాక్టరమ్మ దగ్గరకు వెళ్తే బొమ్మ గీసి మరీ చెప్పారు. మెదడులో నీరు తయారుచేసే కోరాయిడ్ ప్లెక్సస్‌లో కొంచెం నీరు చిక్కుకుంటే ఇలా కనిపిస్తుందట. నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో ఉంటుంది, ఎక్కువ శాతం 28 వారాల లోపు పోతుంది. తెలివితేటలకు దెబ్బేమీ లేదు. కానీ ట్రైసోమీ 18 అనే తీవ్రమైన క్రోమోజోమ్ సమస్య ఉన్న బిడ్డల్లోనూ ఇది కనిపిస్తుంది కాబట్టి గుండె, చేతులు, పాదాలు వివరంగా చూశారు. ఆ సమస్య ఉంటే చాలామంది బిడ్డల్లో పిడికిలి బిగుసుకునే ఉంటుందట. మా బిడ్డ పిడికిలి విప్పి వేళ్లు చాపింది. ఏడ్చేశాను. నా రక్తంతో బిడ్డ క్రోమోజోమ్ సమస్యల్ని అంచనా వేసే ఎన్‌ఐపీటీ పరీక్షలోనూ రిస్క్ తక్కువనే వచ్చింది.

"గ్రహణం రోజు బయటికెళ్లావా?" అని అత్తయ్య అడిగినప్పుడు చాలా కుమిలిపోయాను. నా వల్ల వచ్చింది కాదని డాక్టరమ్మ అత్తయ్య ఎదుటే చెప్పారు. నిన్న అత్తయ్యే నా చెయ్యి పట్టుకుని, పురుడయ్యాక బిడ్డతో సింహాద్రి అప్పన్న దగ్గరకు వెళ్దామన్నారు.