మైటోకాండ్రియా లోపలి పొరకు అన్ని మడతలెందుకు?

బైపీసీ సెకండియర్, పరకాల:
హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. నీట్ రివిజన్‌లో కణం చాప్టర్ మళ్లీ తీశాను. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో బయటి పొర నున్నగా ఉంటుంది, లోపలి పొర మడతలు పడి క్రిస్టేలవుతుంది, మధ్యలో మాత్రిక. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తాను, అది రాక కాదు. మడతలు ఎందుకని క్లాసులో అడిగితే "ఉపరితల వైశాల్యం పెరగడానికి" అని చెప్పి తర్వాతి టాపిక్‌కు వెళ్లిపోయారు. పెరిగితే ఏమవుతుంది? శక్తి మాత్రికలో తయారవుతుంటే పొరతో పనేంటి? ఇంకో టెన్షన్: ఒక పుస్తకంలో గ్లూకోజ్‌కు 38 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు), ఇంకోదాంట్లో 30 లేదా 32. ఏది రాయాలి?

రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, హన్మకొండ:
పొరతో పనేంటన్నావు చూడు బిడ్డా, అసలు ప్రశ్న అదే. "కణ శక్త్యాగారం" అని రాస్తే మార్కు పడుతుంది కాబట్టి పిల్లలు అక్కడే ఆగిపోయేవాళ్లు. పాఠం చెప్పినన్నాళ్లూ నాకు అదే బాధ.

మాత్రికలో ఆహారాన్ని అంచెలంచెలుగా విడగొట్టే క్రెబ్స్ వలయం జరుగుతుంది, కానీ అక్కడ నేరుగా పుట్టే ఏటీపీ చాలా తక్కువ. అక్కడ ముఖ్యంగా జరిగేది ఆహారంలోని ఎలక్ట్రాన్లను ఊడదీయడం. అవి లోపలి పొరలో పొదిగి ఉన్న ప్రోటీన్ల గుండా ఒకదాని నుంచి ఇంకోదానికి పోయి చివరకు ఆక్సిజన్‌ను చేరతాయి, అక్కడ నీరు ఏర్పడుతుంది. మనం ఊపిరి పీల్చేది దీనికోసమే. ఈ దారిలో విడుదలయ్యే శక్తితో ఆ ప్రోటీన్లు ప్రోటాన్లను మాత్రికలోంచి బయటికి, రెండు పొరల నడిమి సందులోకి తోడేస్తాయి.

పాకాల చెరువు చూసే ఉంటావు. కట్ట ఉంది కాబట్టే నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లే తూములోంచి బలంగా వస్తాయి. ఇక్కడ కట్ట లోపలి పొర, తూము ఏటీపీ సింథేజ్ అనే, ఏటీపీని తయారుచేసే ఎంజైము. ప్రోటాన్లు దానిగుండానే మాత్రికలోకి తిరిగి రావాలి. వచ్చేటప్పుడు ఆ ఎంజైమును గిర్రున తిప్పుతాయి, ఒక్క చుట్టుకు మూడు ఏటీపీలు. తిప్పడం అని మాటవరసకు అనడం లేదు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైముకు సన్నని పోగు తగిలించి, అది తిరగడం మైక్రోస్కోపులో కళ్లారా చూశారు.

చెరువుతో పోల్చడం ఇంతవరకే. ప్రోటాన్లకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి పొరకు అటూ ఇటూ దాదాపు 150 మిల్లీవోల్టుల తేడా ఏర్పడుతుంది. తక్కువే కదా అనిపిస్తుంది. పొర మందం ఆరు నానోమీటర్లు! మీటరుకు లెక్కగడితే రెండున్నర కోట్ల వోల్టులు.

ఇప్పుడు మడతల సంగతి నీకే తెలిసిపోవాలి. యంత్రాలన్నీ పొరలోనే ఉన్నాయి. పొర ఎంత ఉంటే అన్ని యంత్రాలు. అందుకే కాలేయ కణంలో కంటే, క్షణం ఆగని గుండె కండరంలో క్రిస్టేలు చాలా ఒత్తుగా ఉంటాయి.

ఈ ప్రోటాన్ల ఆలోచన 1961లో పీటర్ మిచెల్ చెప్పాడు. చాలామంది ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ వచ్చింది. ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వేరుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. సుబ్బారావు పేరు ఈ పాఠంలో ప్రతి క్లాసులోనూ వినబడాలని నా కోరిక.

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, కాకతీయ యూనివర్సిటీ:
సార్ బాగా చెప్పారు. నేను 38 సంగతి చెప్తాను చెల్లీ. ఎలక్ట్రాన్లను పొరలోని ప్రోటీన్లకు మోసుకొచ్చే అణువులు రెండు రకాలు. పాత లెక్కలో ఒక్కో ఎన్‌ఏడీహెచ్‌కు 3 ఏటీపీలు, ఎఫ్‌ఏడీహెచ్2కు 2. తర్వాత ప్రోటాన్లను కొలిచి చూస్తే 2.5, 1.5 అని తేలింది. ఎందుకంటే తయారైన ఏటీపీని బయటికి పంపి, దాని తయారీకి కావలసిన ఏడీపీని, ఫాస్ఫేటును లోపలికి తెచ్చుకోవడానికి కూడా ఆ ప్రోటాన్ల శక్తే ఖర్చవుతుంది. ఇక గ్లైకాలిసిస్‌లో, అంటే మైటోకాండ్రియా బయట గ్లూకోజ్‌ను విరిచే తొలి దశలో, పుట్టిన ఎన్‌ఏడీహెచ్ లోపలి పొర దాటలేదు, దాని ఎలక్ట్రాన్లను వేరే దారిలో లోపలికి చేర్చాలి. ఆ దారిని బట్టి మొత్తం 30 లేదా 32. పరీక్షలో మాత్రం నీ సిలబస్ పుస్తకంలో ఉన్నదే రాయి, గొడవ ఉండదు.

బైపీసీ సెకండియర్, పరకాల:
థాంక్యూ సార్, థాంక్యూ అక్కా. ఇంకొక్కటి. ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా ఉండవట కదా. మరి అవి ఎలా బతుకుతాయి?

రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, హన్మకొండ:
గ్లైకాలిసిస్ ఒక్కదానితోనే. గ్లూకోజ్‌కు నికరంగా రెండే ఏటీపీలు, మిగిలేది లాక్టేట్. దాన్ని కాలేయం తీసుకుని మళ్లీ గ్లూకోజ్‌గా మారుస్తుంది. మోసే ఆక్సిజన్‌ను ఆ కణం తనకోసం వాడుకోదు. అట్లాగే సుమారు 120 రోజులు తిరుగుతుంది. అయితే ఇది మనలాంటి క్షీరదాల సంగతి. పక్షుల ఎర్ర కణాల్లో కేంద్రకం ఉంటుంది, మైటోకాండ్రియా కూడా ఉంటాయి. మీ ల్యాబ్‌లో కోడి రక్తం స్లయిడ్ ఉంటే అడిగి చూడు, కేంద్రకం చక్కగా కనిపిస్తుంది. మైటోకాండ్రియా చూడాలంటే మాత్రం ఉల్లిపొర తీసుకుని జానస్ గ్రీన్ అనే రంగు వెయ్యమను. నీలాకుపచ్చ చుక్కలు కదులుతుంటాయి, ఓపిగ్గా ఫోకస్ చెయ్యాలి.