ఎల్లికాట్ సిటీ పాత రైల్వే స్టేషన్ మ్యూజియం: నాన్నగారిని తీసుకెళ్లొచ్చా?

నంద్యాల లైను: మా నాన్నగారు స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు అమ్మతో కలిసి వర్జీనియాలో మా దగ్గరికి వచ్చారు. వాషింగ్టన్ మ్యూజియాలకు తీసుకెళ్తే గంటకే "ఎక్కడైనా కూర్చుందాం రా" అంటున్నారు. మేరీల్యాండ్‌లోని ఎల్లికాట్ సిటీలో పాత స్టేషన్‌ని బాగుచేసి మ్యూజియం పెట్టారని విన్నాను. పనిగట్టుకుని వెళ్లేంత ఉందా, గోడకు నాలుగు ఫోటోలు తగిలించి ఊరుకున్నారా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆ టెన్షన్ ఒకటి.

బాల్టిమోర్ బాబాయ్: చాలా చిన్నదండీ, గంటలోపే అయిపోతుంది. ఇంజిన్లు చూడాలంటే బాల్టిమోర్‌లో బీ అండ్ ఓ (బాల్టిమోర్ అండ్ ఒహాయో) రైల్వే మ్యూజియానికి వెళ్లండి.

పటాప్స్కో ఒడ్డు: చిన్నదే, కాదనను. కానీ రైల్వేలో పనిచేసినవాళ్ల లెక్క వేరు. మా మామగారు కాజీపేటలో లోకో ఫిట్టర్. పెద్ద మ్యూజియంలో చకచకా తిరిగేసిన మనిషి ఇక్కడ కదలనంటే కదలనన్నారు.

ఇది 1830-31లో కట్టిన రాతి భవనం. అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న రైల్వే స్టేషన్లలో ఇదే అన్నిటికన్నా పాతదంటారు. బాల్టిమోర్ నుంచి వేసిన మొదటి 13 మైళ్ల లైను ఇక్కడితో ఆఖరు. మన బొంబాయి-ఠాణా రైలు 1853లో కదా, అప్పటికే ఈ గోడలకు ఇరవై ఏళ్లు దాటాయి. మొదట్లో దీన్ని ఎక్కువగా సరుకుల కోసమే వాడారు. రోడ్డు మీది నుంచి చూస్తే మేడలా ఉంటుంది గానీ పట్టాలు పై అంతస్తు మట్టంలో పోతాయి.

1830 మేలో లైను తెరిచినప్పుడు పెట్టెల్ని లాగింది గుర్రాలే. ఆ ఆగస్టులో పీటర్ కూపర్ 'టామ్ థంబ్' అనే బుల్లి ఆవిరి ఇంజిన్‌ని ఇక్కడిదాకా నడిపాడు. తిరుగు దారిలో గుర్రంతో పందెం పడిందని, ఇంజినే ముందుకు పోయిందని చెబుతారు. ఇంతలో నిప్పుకి గాలి కొట్టే బ్లోయర్ బెల్టు జారింది, స్టీమ్ పడిపోయింది, గుర్రం దాటేసింది. ఈ కథ విని అందరూ నవ్వారు, మామగారు తప్ప. "బెల్టు చూసుకోకుండా బండిని లైన్లోకి వదిలిందెవడు?" అన్నారు సీరియస్‌గా.

మీ నాన్నగారికైతే టికెట్ కౌంటర్, టెలిగ్రాఫ్ బల్ల ఉన్న గది చూపించండి. ఆయనే మీకు గైడ్ అయిపోతారు. పక్కన గూడ్స్ షెడ్డులో ఆ 13 మైళ్ల లైనుకి మోడల్ రైలు ఉంది, పిల్లలుంటే అక్కడి నుంచి లాక్కురావడం కష్టం. బయట ఎర్ర కబూస్ ఒకటి. మన బ్రేక్ వ్యాన్ అనుకోండి.

నంద్యాల లైను: భలే చెప్పారండీ. ఇప్పుడు బండ్లు తిరుగుతాయా ఆ లైన్లో?

పటాప్స్కో ఒడ్డు: ప్యాసింజర్లు 1949తోనే ఆగిపోయాయి. గూడ్స్ మాత్రం ఇప్పటికీ మ్యూజియం పక్క నుంచే పోతుంది. టైమ్ చెప్పలేం, వస్తే మీ అదృష్టం.

కొలంబియా కోడలు: వరద గుర్తులు చూడకుండా రాకండి. రోడ్డు మీది రైలు వంతెన దగ్గర ఏ ఏడాది పటాప్స్కో నది నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో గీతలున్నాయి. 1972 గీతే మన తల పైన ఉంటుంది, 1868ది దానికీ పైన! 2016 జులైలో, మళ్లీ 2018 మేలో వచ్చిన వరదలు వేరే రకం. అప్పుడు కొండ మీది నుంచి వాన నీళ్లే మెయిన్ స్ట్రీట్ మీద ఏరులా దిగాయి. కార్లు కొట్టుకుపోయాయి. గట్టి వాన సూచన ఉంటే ఆ రోజు మానుకోండి.

బాల్టిమోర్ బాబాయ్: అంత దూరం వస్తున్నారు కాబట్టి దగ్గర్లోనే రిలే అనే ఊళ్లో థామస్ వయాడక్ట్ కూడా చూపించండి. 1835లో కట్టిన రాతి వంతెన, పైగా వంపు తిరిగి ఉంటుంది. గూడ్స్ బండ్లు ఇంకా దాని మీదే పోతున్నాయి.

పటాప్స్కో ఒడ్డు: చిన్నది అన్నాయన ఇప్పుడు ఇంకో చోటు కూడా కలుపుతున్నారు, చూశారా! అమ్మగారి సంగతి: మెయిన్ స్ట్రీట్ బాగా వాలు, పార్కింగ్ దొరకడం కూడా కష్టం. ముందు ఆమెను స్టేషన్ దగ్గర దింపేసి, తర్వాత మీరొక్కరే కారు పెట్టుకు రండి. కబూస్ మెట్లు ఎత్తు, అది ఆమె ఎక్కకపోయినా నష్టం లేదు. అన్ని రోజులూ తెరవరు, బయల్దేరే ముందు టైమింగ్స్ చూసుకోండి.