తుంటి ఆపరేషన్ తరువాత అమ్మ ఇంటికి వస్తున్నారు, ఇల్లు ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న (మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా)

మా అమ్మగారికి 72 ఏళ్లు. వాకిట్లో జారిపడి తుంటి విరగడంతో హైదరాబాదులో ఆపరేషన్ చేసి తుంటి కీలులోని బాల్ మార్చారు. ఈ శుక్రవారం ఇంటికి పంపిస్తామంటున్నారు. మాది పాత మట్టిగోడల ఇల్లు. కడపలు ఎత్తుగా ఉంటాయి, నేలంతా తాండూరు బండలు. మరుగుదొడ్డి వాకిలి దాటి ప్రహరీ మూలన ఉంది, అదీ కింద కూర్చునే రకమే. ఫ్లోరైడు నీళ్లు తాగిన తరం కాబట్టి ఆమె నడుము, మోకాళ్లు ముందు నుంచే బిగుసుకుపోయి ఉన్నాయి. ఉన్న కొద్ది రోజుల్లో ముందుగా ఏ పని చేయించాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (మహబూబ్‌నగర్, విశ్రాంత స్టాఫ్ నర్సు)

తమ్ముడూ, ఇల్లంతా సరిచేయాలని కంగారు పడకండి. అర్ధరాత్రి మీ అమ్మగారు మూత్రానికి లేస్తే మంచం నుంచి ఎంత దూరం, ఏ దారిన నడవాలో ఆ ఒక్క దారిని ముందు చూడండి. నా ఉద్యోగంలో చూసినంతవరకు, ఆపరేషన్ బాగా జరిగి ఇంటికి వెళ్లి మళ్లీ పడినవారు ఎక్కువగా ఆ దారిలోనే పడ్డారు.

కాబట్టి వాకిలి దాటే మాటే వద్దు. మందుల దుకాణాలలో దొరికే కమోడ్ కుర్చీని మంచం పక్కనే వేసి, చాటుకు ఒక పరదా కట్టండి. అటువంటి చాటు లేకపోతే పెద్దవాళ్లు సిగ్గుపడి, మాటిమాటికి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. నొప్పి మాత్రలతో ఎలాగూ వచ్చే మలబద్ధకం మరింత ముదురుతుంది.

మంచం విషయంలో మాత్రం రాజీ పడకండి. నులక మంచం మీద కూర్చుంటే నడుము కిందికి దిగి మోకాళ్లు పైకి లేస్తాయి. బాల్ మార్చిన తుంటి అంతగా వంగకూడదు, ఒక్కోసారి కీలు జారిపోయే ప్రమాదం ఉంది. గట్టి చెక్క మంచం మీద పరుపు వేసి, కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనుతూ, తుంటి మోకాలి కంటే రెండు అంగుళాలు పైన ఉండేలా చూడండి. ఎత్తు చాలకపోతే కాళ్ల కింద విడి ఇటుకలు పెట్టకుండా, మధ్యలో గుంట తీసిన చెక్క దిమ్మెలు చేయించండి. డాక్టరుగారు సరే అనేవరకు పీట మీద కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, కింద పడిన వస్తువును వంగి తీయడం వద్దు.

ఫ్లోరైడు నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన (ఫ్లోరోసిస్) సంగతి డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. వాకర్ పిడి మామూలుగా మణికట్టు ఎత్తులో ఉండాలి. నడుము వంగినవారికి ఆ కొలతను వారు తమ సహజ భంగిమలో నిలబడినప్పుడే తీయాలి, లేకపోతే భుజాలు పట్టేస్తాయి.

సమాధానం (నాగర్‌కర్నూల్, తాపీ మేస్త్రీ)

అన్నా, అక్కగారు చెప్పిన దారిలో ఉన్న గోనెపట్టాలు, చాపలు అన్నీ తీసేయండి. స్నానాల గది ముందు కాళ్లు తుడుచుకోవడానికి వేసే మడత గోనె సంచిలో వాకర్ కాలు ఇట్టే తట్టుకుంటుంది. తాండూరు బండ తడిస్తే జారుతుంది కాబట్టి గరుకు పట్టీలు అతికించి, స్నానం చేయించిన వెంటనే నేల తుడవండి.

పట్టుకునే కడ్డీని మట్టిగోడకు బిగించకండి. మట్టి అడుసుతో కట్టిన గోడలో మేకులు నిలవవు, మనిషి బరువు పడగానే ఊడి వస్తాయి. బండ ఒకటి లేపి, అడుగున్నర గుంట తీసి, ఇనుప పైపును కాంక్రీటుతో పాతించండి. కాంక్రీటు గట్టిపడటానికి సమయం పడుతుంది కాబట్టి ఈ పని ఈరోజే మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు

కడప తీయించడానికి మా నాయన ఒప్పుకోవడం లేదు. లక్ష్మి నిలయమని అంటున్నారు. బలవంతం చేయాలా?

సమాధానం (మహబూబ్‌నగర్)

అవసరం లేదు, ఆయన మాట నిలబెట్టండి. మొదటి వారాల్లో అమ్మగారు ఆ గది దాటకపోతే కడపతో పనే ఉండదు. తరువాత దాటాల్సి వచ్చినప్పుడు పక్కన మనిషి ఉండి, ముందు వాకర్‌ను అవతల పెట్టించాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చక్రాల కుర్చీ వాడితే కడపకు రెండు వైపులా పలక వాలు వేయించండి. ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు లెక్క.

తీసుకొచ్చేటప్పుడు ఆటో వద్దు. కారు ముందు సీటును బాగా వెనక్కి జరిపి, దిండు వేసి, ముందు నడుము ఆనించి కూర్చోబెట్టిన తరువాతే కాళ్లు లోపలికి తిప్పండి. సాగర్ రోడ్డులో మాల్ అనే ఊరి దగ్గర ఆగి కాసేపు నిలబెట్టండి.

ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పి ఉంచండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, కుట్ల దగ్గర చీము కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. హఠాత్తుగా ఆయాసం వచ్చినా, కాలు పొట్టిగా కనిపించి పక్కకు తిరిగిపోయినా నడిపించే ప్రయత్నం చేయకుండా, నాటువైద్యుని దగ్గరికి తీసుకుపోకుండా, వెంటనే 108కి ఫోన్ చేయాలి.