అప్‌డేట్: బ్లాగుకి చదువరులు తగ్గిన కారణం దొరికింది

నా బ్లాగర్ (గూగుల్ వాళ్ల బ్లాగు సేవ) బ్లాగులో కొత్త టపాలు ఎవరూ చూడట్లేదు, బ్లాగు మూసేసి ఫేస్‌బుక్‌కి మారిపోవాలా అని అడిగాను కదా. సలహాలిచ్చినవాళ్లకి థాంక్స్. బ్లాగు పక్కన ఈమెయిల్ ఇచ్చి చందా చేరే పెట్టె ఉంటుంది కదా, అది పనిచేస్తుందో లేదో చూడమన్న మాటే నిజమైంది. కొత్త టపాల్ని చందాదారులకి మెయిల్‌లో పంపే ఫీడ్‌బర్నర్ ఈమెయిల్ సేవ 2021లోనే ఆగింది. టెంప్లేట్‌లో (బ్లాగు రూపాన్ని నిర్ణయించే అచ్చు) ఆ పెట్టె పాత కోడ్ మాత్రం అలాగే ఉండిపోయింది. చందాదారుల జాబితాని సీఎస్‌వీగా (పట్టికలా తెరుచుకునే ఫైలు) దించుకుని వేరే మెయిల్ సర్వీసులో ఎక్కించాను. అందులో ఇవ్వాల్సిన ఫీడ్ (కొత్త టపాల్ని వేరే సేవలకి అందించే లింకు) చిరునామా: బ్లాగు పేరు తర్వాత ఫీడ్స్/పోస్ట్స్/డిఫాల్ట్. బ్లాగర్ సెట్టింగ్స్‌లో సైట్ ఫీడ్ "ఫుల్"లో ఉండాలి, "షార్ట్"లో ఉంటే మెయిల్‌కి ముక్కే వెళ్తుంది.

టెంప్లేటు, సొంత డొమైన్ (బ్లాగుకి సొంత వెబ్ చిరునామా)... వీటికీ చదువరులు తగ్గడానికీ సంబంధమే లేదు.

వ్యాఖ్యలు ఇంకా ఫేస్‌బుక్‌లోనే ఎక్కువ. అక్కడ లైకంటే ఒక్క నొక్కు, ఇక్కడ లాగిన్ తతంగం. కామెంట్లు ఎవరు రాయొచ్చన్న సెట్టింగ్‌ని "ఎవరైనా" అని మార్చాక కాస్త నయం, స్పామ్ తుడుచుకునే పని మాత్రం పెరిగింది.